ఇంకా తెరవని లాంచ్ కోస్టర్ గురించి ఏ క్రియతో రాయాలి?

సందేహం: త్వరలో తెరవబోయే ఒక లాంచ్ కోస్టర్ (రైలును గొలుసుతో పైకి లాగకుండా, ట్రాక్ మీదే కొద్ది సెకన్లలో వేగం అందించే రోలర్ కోస్టర్) గురించి చిన్న వ్యాసం రాశాను. అందులోని వాక్యాలు ఇవి: ‘కొత్తగా లాంచ్ చేసిన ఈ రోలర్ కోస్టర్ 3 సెకన్లలో గంటకు 120 కిలోమీటర్లు వెళ్తుంది. ఒక్కోసారి శిఖరం దాటలేదు, వెనక్కి జారుతుంది. దీని మోటారు ఏ రకం, కరెంటు పోతే బ్రేకులు ఆపుతాయా అని అందరం ఎదురుచూస్తున్నాం.’ చదివిన మిత్రుల్లో కొందరు ఈ రైడ్‌ను ఇప్పటికే తెరిచేశారని అనుకున్నారు. ఒకరైతే ఇది పరీక్షల్లో విఫలమైందనుకున్నారు. నా వాక్యాల్లో తప్పుందా, లేక వారే సరిగా చదవలేదా?

సమాధానం: మీ మిత్రులు సరిగానే చదివారు. వారికి తట్టిన అర్థాలు రెండూ మీ వాక్యాల్లో ఉన్నాయి. వ్యాకరణం దృష్ట్యా వీటిలో పెద్ద దోషమేదీ లేదు కాబట్టే మీకు అనుమానం రాలేదు. తెరవని రైడ్ గురించి రాసేవాడు నాలుగు రకాల మాటలను ఒకే చోట చెప్పవలసి వస్తుంది: రూపకర్తలు ఉద్దేశించినది, తయారీదారులు ప్రకటించినది, భౌతికశాస్త్రం ప్రకారం జరిగి తీరవలసినది, అభిమానులు ఊహిస్తున్నది. మీరు ఈ నాలుగింటినీ ‘వెళ్తుంది, జారుతుంది, ఆపుతాయి’ అంటూ ఒకే క్రియారూపంలో పెట్టారు. చిక్కంతా అక్కడే ఉంది.

సంప్రదాయ వ్యాకరణం భవిష్యత్తును, తద్ధర్మాన్ని వేరు వేరు అర్థాలుగా గుర్తించింది. తద్ధర్మం అంటే ఒక వస్తువుకు స్వభావసిద్ధమైన పని, లేదా అలవాటుగా జరిగే పని. నేటి వాడుకలో ‘తుంది, తాడు, తాయి’ అనే రూపాలు ఈ రెండు అర్థాలనూ మోస్తున్నాయి. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అన్నప్పుడు అది తద్ధర్మం, ‘అన్నయ్య రేపు వస్తాడు’ అన్నప్పుడు భవిష్యత్తు. రెండో వాక్యంలో ‘రేపు’ అన్న మాట ఉంది కాబట్టి అర్థం స్థిరపడింది. అటువంటి ఆధారం ఏదీ లేనప్పుడు పాఠకుడు సహజంగా తద్ధర్మం వైపే మొగ్గుతాడు, అందులోనూ యంత్రాల విషయంలో ఆ మొగ్గు మరీ ఎక్కువ. ‘ఈ రైడ్ 3 సెకన్లలో ఆ వేగం అందుకుంటుంది’ అని చదివితే రోజూ అందుకుంటూనే ఉందన్న భావం కలుగుతుంది. మీ మిత్రులకు కలిగినది అదే.

ఈ తేడా ఎంత పని చేస్తుందో చూడడానికి మూడు స్థితుల్లో ఉన్న మూడు రైడ్లను తీసుకుందాం. అమెరికాలోని న్యూజెర్సీలో 2005లో మొదలైన కింగ్డా కా 2024లో మూతపడింది, 2025లో దాన్ని కూల్చివేశారు. దాని గురించి రాసేటప్పుడు ‘3.5 సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగం అందుకునేది’ అనాలి. ‘అందుకునేది’ అన్న రూపం ఒకప్పటి అలవాటును చెబుతూనే ఇప్పుడది లేదన్న సూచన కూడా ఇస్తుంది. అబుదాబీలోని ఫెరారీ వరల్డ్ వినోద పార్కులో 2010లో ప్రారంభమైన ఫార్ములా రోసా దగ్గరికి వచ్చేసరికి ‘4.9 సెకన్లలో గంటకు 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది’ అన్నది నిక్కమైన తద్ధర్మం. మీ రైడ్ ఈ రెండు కోవల్లోనూ చేరదు. అది ఇంకా ఒక్క ప్రయాణికుణ్ణీ ఎక్కించుకోలేదు. దానికి ‘అందుకోనుంది’ అని గానీ, ‘అందుకునేలా రూపొందించారు’ అని గానీ రాయాలి.

ఈ రెండింటిలో నేను రెండోదానికే ఓటు వేస్తాను. ‘అందుకోనుంది’ వార్తాపత్రికల వల్ల స్థిరపడిన చక్కని రూపమే, నిశ్చయించిన కార్యక్రమాన్ని చెప్పడానికి బాగా పనికొస్తుంది: ‘రైడ్ వచ్చే నెలలో ప్రారంభం కానుంది’ అనవచ్చు. అయితే వేగం కార్యక్రమం కాదు, గుణం. ‘అందుకునేలా రూపొందించారు’ అంటే ఆ అంకె కాగితం మీది లెక్క నుంచి వచ్చిందని, ట్రాక్ మీద కొలిచినది కాదని పాఠకుడికి తేటతెల్లమవుతుంది. ‘బోతోంది’ అన్న రూపం ఘటన బాగా దగ్గరపడినప్పుడే రాణిస్తుంది. ‘అందుకుంటుందట’ అంటే విన్నమాట అని తెలుస్తుంది, కానీ ఆ ‘ట’లో కాస్త చెప్పుడు మాట ఛాయ ఉన్నందున వ్యాసంలో ‘అని తయారీదారులు చెబుతున్నారు’ అనడమే మర్యాద. ‘అందుకోగలదు’ మీద మాత్రం జాగ్రత్త అవసరం. ‘గల’ సామర్థ్యాన్ని చెబుతుంది, అయితే ‘సమావేశం జరుగగలదు’ వంటి ప్రకటనల భాషలో అది ఉత్త భవిష్యత్తుగానూ మిగిలి ఉంది. సామర్థ్యమే మీ ఉద్దేశమైతే ‘అందుకునే శక్తి ఉంది’ అని విడమరచి రాయండి.

భౌతికశాస్త్రం తేల్చి చెప్పే విషయాలకు ఇన్ని జాగ్రత్తలు అక్కరలేదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన రైలు, రాపిడీ గాలి నిరోధమూ లేవనుకున్నా, దాదాపు 57 మీటర్ల ఎత్తు దాకా వెళ్లేసరికి తన గతిశక్తినంతా ఖర్చు చేసేస్తుంది. రైలు బరువు ఎంతైనా ఈ లెక్క మారదు. ఇది తెరవని రైడ్‌కీ తెరిచిన రైడ్‌కీ సమానంగా వర్తించే సత్యం కనుక ఇక్కడ ‘ఖర్చు చేసేస్తుంది’ అన్న తద్ధర్మ రూపం సర్వవిధాలా తగినది. ఇదే లెక్క కింగ్డా కాకు వేస్తే 167 మీటర్లు వస్తుంది, కట్టిన శిఖరం 139 మీటర్లే. మధ్యనున్న తేడా ఊరికే వదిలినది కాదు. గాలికీ చక్రాల రాపిడికీ పోయే శక్తిని భరించాలి, శిఖరం మీద ఇంకా కొంత వేగం మిగలాలి. మీ రైడ్ శిఖరం ఎత్తు ప్రకటించి ఉంటే ఈ పోలిక మీ వ్యాసానికి మంచి బలమిస్తుంది.

ఇక మీ రెండో వాక్యంలోని ‘దాటలేదు’. తెలుగులో ఇంతటి దొంగ రూపం మరొకటి లేదేమో. ‘వాడు రాలేదు’ అంటే వచ్చే పని జరగలేదని, ‘వాడు రాలేడు’ అంటే వచ్చే శక్తి లేదని అర్థం. పురుషుడి విషయంలో ఈ రెండూ రూపంలోనే విడిపోయాయి. అమహద్వాచకం (పురుషులను కాక మిగతావాటిని చెప్పే పదం) ఏకవచనంలోకి వచ్చేసరికి రెండు అర్థాలూ ఒకే రూపంలో కలిసిపోయాయి: ‘రైలు శిఖరం దాటలేదు’ అంటే దాటడం జరగలేదు అని అర్థం, దాటే శక్తి లేదు అని కూడా అర్థం. మొదటిది ఒక ఘటన, రెండోది యంత్రం మీద తీర్పు. పరీక్షల్లో విఫలమైందని మీ మిత్రుడు అనుకోవడానికి కారణం ఈ రూపమే. సాంకేతిక విషయాలు రాసేవారు దీన్ని తప్పనిసరిగా విడదీయాలి. ఒకసారి జరిగిన వైఫల్యాన్ని చెప్పాలంటే ‘దాటలేకపోయింది’ అనండి. శక్తే లేదని చెప్పాలంటే ‘దాటజాలదు’ అనవచ్చు, అది గ్రాంథికంగా తోస్తే ‘దాటే శక్తి దానికి లేదు’ అనవచ్చు. ఇంకో మార్గం కూడా ఉంది. బహువచనంలో భాష ఈ తేడాను నిలుపుకుంది: ‘రైళ్లు దాటలేదు’ ఘటన, ‘రైళ్లు దాటలేవు’ అశక్తత. లాంచ్ కోస్టర్లకు సాధారణంగా ఒకటికి మించి రైళ్లు ఉంటాయి కాబట్టి బహువచనం కృతకంగా ఉండదు.

నిజానికి మీరు చెప్పదలచుకున్నది ఆ రెండూ కావు. శిఖరం అందకుండా రైలు వెనక్కి రావడం ఇటువంటి రైడ్లలో ముందే ఊహించి, అందుకు తగిన ఏర్పాటు చేసిన విషయం. కింగ్డా కాలో ఎదురుగాలి వంటి కారణాల వల్ల అరుదుగా అలా జరిగేది. రైలు దాటిపోగానే లాంచ్ ట్రాక్ మీద బ్రేకు పలకలు పైకి లేచి ఉండేవి కనుక వెనక్కి వచ్చిన రైలును అవి నెమ్మదింపజేసేవి, తర్వాత దాన్ని మళ్లీ పంపేవారు. మీ రైడ్‌లో కూడా ఆ అవకాశం ఉందని చెప్పాలంటే ‘అరుదుగా వెనక్కి జారవచ్చు’ అనడం సరి. ఇప్పటికే నడుస్తున్న రైడ్ల గురించైతే ‘జారడమూ కద్దు’ అనవచ్చు. ‘కద్దు’ పాత మాటే గానీ, ఎప్పుడో ఒకప్పుడు జరిగే పనిని చెప్పడానికి అంత పొందికైన మాట మనకు మరొకటి లేదు, దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

మొదటి వాక్యంలోని ‘లాంచ్’ రెండు అర్థాల మధ్య ఇరుక్కుంది. ఫోనునో పథకాన్నో ‘లాంచ్ చేశారు’ అంటే జనానికి అందుబాటులోకి తెచ్చారని అందరికీ తెలుసు. రోలర్ కోస్టర్ల లోకంలో ‘లాంచ్’ అంటే రైలును గొలుసుతో కొండపైకి లాగి కిందికి వదలడానికి బదులు, చదునైన ట్రాక్ మీదే కొద్ది సెకన్లలో పూర్తి వేగానికి తీసుకురావడం. ‘కొత్తగా లాంచ్ చేసిన’ అన్నప్పుడు మొదటి అర్థమే స్ఫురిస్తుంది, తెరిచేశారన్న భ్రమ ఇక్కడే బలపడింది. రైడ్ రకాన్ని చెప్పడానికి ‘లాంచ్ కోస్టర్’ అన్న సమాసాన్ని, తెరవడాన్ని చెప్పడానికి ‘ప్రారంభం’ అన్న మాటను వాడితే గొడవ తీరుతుంది. ‘లాంచ్’కు ‘ప్రయోగం’ అని రాస్తే బాగుంటుందని కొందరు సూచించవచ్చు. రాకెట్‌కు సరిపోయిన ఆ మాట ఇక్కడ సరిపోదు, ‘రైలును ప్రయోగించారు’ అంటే పరీక్షగా ఏదో చేసి చూశారన్న అర్థం వస్తుంది. ‘ప్రారంభ వేగం’ అనీ అనకూడదు, లాంచ్ ప్రయాణం మొదట్లోనే ఉండాలన్న నియమం లేదు. ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో ఉన్న టాప్ థ్రిల్ 2లో ఒకే లాంచ్ ట్రాక్ మీద రైలు మొదట ముందుకు, తర్వాత వెనక్కి, మళ్లీ ముందుకు, మూడు సార్లు వేగం పుంజుకుంటుంది.

ఆ పనికి క్రియ కావాలంటే ‘ఉరికించు’ అనమంటాను. ఇది అచ్చ తెలుగు ప్రేరణక్రియ. అంతకంటే ముఖ్యంగా, ఇది యంత్రం రకాన్ని ముందే తేల్చెయ్యదు. మోటారు ఏ రకమో తెలియదని మీరే అన్నారు. కింగ్డా కా, ఫార్ములా రోసాలు హైడ్రాలిక్ పద్ధతివి: నూనె పీడనంతో తిరిగే డ్రమ్ము కేబుల్‌ను చుట్టుకుంటూ రైలును ముందుకు లాగుతుంది. ఎల్‌ఎస్‌ఎం అనే లీనియర్ సింక్రనస్ మోటార్లలో ట్రాక్ పొడవునా అమర్చిన విద్యుదయస్కాంతాలు రైలు అడుగునున్న అయస్కాంతాల మీద పనిచేస్తాయి. అక్కడ కేబుల్ లేదు, లాగడమూ తోయడమూ కలిసే జరుగుతాయి. రకం తేలకముందే ‘లాగుతుంది’ అని రాస్తే ఒక సమాధానాన్ని మీరే ఇచ్చేసినట్టవుతుంది. ఈ రెండు పద్ధతుల్లోనూ రైలును ఉరికించే యంత్రం రైలులో లేదు, ట్రాక్ వైపే ఉంది. కనుక ‘రైలు మోటారు’ అన్న పలుకుబడిని కూడా దూరం పెట్టండి.

‘120 కిలోమీటర్లు వెళ్తుంది’ అన్నదాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ‘వెళ్లు’ దూరాన్ని చెప్పే క్రియ, నిశ్చలస్థితి నుంచి ఒకే తీరుగా వేగం పెరిగితే ఆ 3 సెకన్లలో రైలు వెళ్లేది 50 మీటర్లే. ‘గంటకు 120 కిలోమీటర్ల వేగం అందుకునేలా’ అనండి.

బ్రేకుల ప్రశ్నలో ‘ఆపుతాయా’ అన్న క్రియను మార్చాలి. లాంచ్ కోస్టర్లలో ఎక్కువగా కనిపించే అయస్కాంత బ్రేకుల్లో శాశ్వత అయస్కాంతాల మధ్య నుంచి లోహపు పలక దూసుకుపోతుంది. ఆ పలకలో పుట్టే ఎడ్డీ ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు, కదలికను అడ్డుకుంటాయి. దానికి కరెంటు అక్కరలేదు కాబట్టి కరెంటు పోయినా పనిచేస్తాయి. అయితే రైలు నెమ్మదించే కొద్దీ ఆ అడ్డుకునే బలం కూడా తగ్గిపోతుంది, పూర్తిగా నిలపడానికి వేరే ఏర్పాటు కావాలి. అందువల్ల వాటికి ‘నెమ్మదింపజేస్తాయి’ అన్న క్రియే న్యాయం. మీ ప్రశ్నను ‘కరెంటు పోయినప్పుడు రైలు వేగాన్ని తగ్గించేవి ఏవి, చివరికి నిలిపేవి ఏవి’ అని రెండుగా విడదీస్తే ఆ రైడ్ ఇంజినీర్లు కూడా సూటిగా జవాబివ్వగలుగుతారు.

చివరి మాట ‘ఎదురుచూస్తున్నాం’. దాని ముందు ‘అని’ ఉండడం తప్పు కాదు, కానీ ఏ ప్రశ్న పడితే ఆ ప్రశ్న అక్కడ ఒదగదు. ‘ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూస్తున్నాం’ అన్నది నుడికారం. ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నార్థకం ఉండగానే చివర మళ్లీ ‘ఆ’ చేరడం వల్ల ఆ వాక్యంలో ఆరాటం పలుకుతుంది. ‘ఎప్పుడు తెరుస్తారో తెలియదు’ అన్నప్పటి ‘ఓ’లో అది లేదు, తెలియనితనమే ఉంది. మోటారు ఏ రకం, బ్రేకులు ఎలా పనిచేస్తాయి అన్నవి తెలియనితనానికి చెందిన ప్రశ్నలు. వాటిని ‘ఓ’తో ముగించి, ‘తెలుసుకోవాలని’ అన్న మాటను కలపాలి: ‘దీనిలో ఏ రకం మోటారు వాడారో, కరెంటు పోతే రైలును దేనితో నిలుపుతారో తెలుసుకోవాలని ఉంది. ఎప్పుడు తెరుస్తారా అని అందరం ఎదురుచూస్తున్నాం.’ ఇలా రెండు వాక్యాలుగా విడదీస్తే ఇంజినీర్లను అడగవలసినది ఒక దానిలో, మీ ఆరాటం మరొక దానిలో కుదురుకుంటాయి.