నలభై షిల్లింగుల నేల: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. పాత ఇంగ్లీషు కరపత్రాలు చదివి, అక్కడ భూమికీ ఓటుకూ ఉన్న ముడి గురించి తెలుగులో రాయాలని పూనుకున్నావు. అందుకే నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ పని చేసేవాళ్ళు మనలో తక్కువ. కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

"ఇంగ్లండు పట్టాదారులు తమ హక్కుల కోసం రాజుతో పోరాడారు" అని మొదలుపెట్టావు. ఆ 'పట్టాదారు' దగ్గరే నేను ఆగిపోయాను. పట్టా అనగానే మన పాఠకుడికి రెవెన్యూ కచేరీ, సర్వే నంబరు, పాసుపుస్తకం గుర్తొస్తాయి. ఇంగ్లీషు కరపత్రాల్లోని ఫ్రీహోల్డర్‌కు ఇవేవీ లేవు. నువ్వు 'సొంత భూమి గల రైతు' అని రాసినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

అక్కడి చట్టం అడిగే ప్రశ్న వేరు. ఈ భూమి నీ చేతిలో ఎంతకాలం ఉంటుందో ముందే లెక్క కట్టి ఉందా, లేదా అన్నదే ఆ ప్రశ్న. గడువు కట్టని హక్కు ఫ్రీహోల్డ్, అది ఉన్నవాడు ఫ్రీహోల్డర్. తొంభై తొమ్మిదేళ్ళ లీజుకు గడువు రాసి ఉంటుంది. కాబట్టి వందల ఎకరాలున్నా అది ఫ్రీహోల్డ్ కాదు. ఒక మనిషి బతికున్నంతకాలం అనుభవించమని ఇచ్చిన చిన్న ఇల్లు, దాని వెనుక కాస్త నేల మాత్రం ఫ్రీహోల్డే. ప్రాణం ఎప్పుడు పోతుందో ఎవరూ తేదీ వేయలేరు కదా. ఇక కాపీహోల్డర్ అనే మరో రకం రైతు ఉన్నాడు. తరతరాలుగా దున్నుకుంటున్నా అతని హక్కుకు రుజువు ఒక్కటే, మేనరు, అంటే దొరగారి ఎస్టేటు, కోర్టు చిట్టాలో రాసుకున్న పద్దుకు నకలు. ఆ నకలు మీదే అతనికి ఆ పేరు వచ్చింది. 1832 దాకా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల్లో పెద్ద లీజుదారుకు గానీ, సంపన్నుడైన కాపీహోల్డర్‌కు గానీ ఆ భూమి మీద ఓటు లేదు. చిన్న ఇంటి మీద జీవితకాలపు హక్కున్నవాడికి, దాని ఆదాయం సరిపోతే, ఉంది. ఈ తేడా తెలియకుండా ఆ కరపత్రాలు చదివితే వాళ్ళు దేనికోసం కేకలు వేస్తున్నారో సగమే అర్థమవుతుంది. అందుకని ఫ్రీహోల్డర్‌ను ఫ్రీహోల్డర్‌గానే ఉంచు. మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు వాక్యాల్లో విప్పి చెప్పు, తర్వాత ఆ మాట తన కాళ్ళ మీద తానే నడుస్తుంది.

ఆదాయం ఎంత ఉండాలి? ఏడాదికి నలభై షిల్లింగులు, అంటే రెండు పౌండ్లు. ఈ అంకెను నువ్వు వ్యాసం చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. నా దృష్టిలో నీ వ్యాసానికి వెన్నెముక అదే. 1430 నాటి శాసనం ఈ హద్దు గీసింది. ఎందుకు గీసిందో దాని పీఠికే దాచుకోకుండా చెబుతుంది: ఎన్నికలకు మరీ ఎక్కువమంది వచ్చి పడుతున్నారు, వారిలో చాలామంది ఆస్తి అంతంతమాత్రంగా ఉన్న, ఏ విలువా లేని జనం, దీనివల్ల కొట్లాటలు, హత్యలు జరగవచ్చు. అంటే నలభై షిల్లింగులు మొదట పుట్టింది మనుషులను బయట ఉంచడానికి వేసిన కంచెగా. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. తర్వాతి శతాబ్దాల్లో ధరలు పెరుగుతూ పోయాయి, అంకె మాత్రం కదలలేదు. కంచె దానంతటదే కుంగిపోయి, చిన్నచిన్న రైతులు కూడా దాటగలిగేంత ఎత్తుకు వచ్చింది.

ఇప్పుడు 1715 డిసెంబరుకు రా. స్టూవర్టు వంశాన్ని మళ్ళీ గద్దెనెక్కించాలని తిరుగుబాటు నడుస్తున్న రోజులు. జోసెఫ్ అడిసన్ కొత్త రాజు మొదటి జార్జి పక్షాన ఒక పత్రిక మొదలుపెట్టి దానికి 'ది ఫ్రీహోల్డర్' అని పేరు పెట్టాడు. 1716 జూన్ దాకా 55 సంచికలు వచ్చాయి. మొదటి సంచికలోనే ఫ్రీహోల్డర్‌కూ శాసనకర్తకూ మధ్య ఒక్క మెట్టే తేడా అన్నాడు. చూశావా? జనాన్ని బయట ఉంచడానికి పుట్టిన మాట మూడు వందల ఏళ్ళు తిరిగేసరికి దేశానికే గర్వకారణమై, పత్రిక పేరై నిలబడింది. ఈ ప్రయాణాన్ని నువ్వు రాయాలి. అలా రాస్తే 'హక్కుల కోసం పోరాడారు' అని ఒక్క వాక్యంలో తేల్చేయడం నీవల్లే కాదు.

పుట్నీ చర్చల గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, కానీ తొందరపడ్డావు. అక్కడ తీరిగ్గా కూర్చోవాలి. 1647 అక్టోబరు చివర, థేమ్సు ఒడ్డున పుట్నీలో సైన్యం సమావేశమైంది. అంతర్యుద్ధంలో రాజును ఓడించిన పార్లమెంటు సైన్యం అది. ఇక ఓటు ఎవరికి ఉండాలన్నది తగువు. అక్టోబరు 29న కర్నల్ రెయిన్స్‌బరో లేచి, "ఇంగ్లండులోని అతి గొప్పవాడికి ఉన్నట్టే అతి పేదవాడికీ బతకడానికి ఒక బతుకుంది" అన్నాడు. ఏ ప్రభుత్వం కింద బతుకుతాడో ఆ ప్రభుత్వానికి మనిషి ముందు తన సమ్మతి తానే ఇవ్వాలన్నాడు. దానికి ఆ సైన్యపు పెద్దల్లో ఒకడైన క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ ఇచ్చిన జవాబును మనం తేలిగ్గా తీసిపారేస్తాం. అలా చేయకు. రాజ్యంలో స్థిరమైన, కదలని పాలు ఉన్నవాడికే రాజ్య వ్యవహారాల్లో మాట ఉండాలని అతని వాదన. ఇప్పుడున్న చట్టం ప్రకారం ఏడాదికి నలభై షిల్లింగులు వచ్చేవాడి ఓటూ పదివేల పౌండ్లు వచ్చేవాడి ఓటూ ఒకటే కదా, అది చాలదా అన్నాడు. భూమి లేనివాళ్ళందరికీ ఓటిస్తే రేపు వాళ్ళు ఆస్తినే రద్దు చేయరని ఏమిటి నమ్మకం అని అడిగాడు. కర్నల్ రిచ్ లెక్క చెప్పాడు: రాజ్యంలో స్థిరమైన పాలు లేనివాళ్ళు ఉన్నవాళ్ళకు ఐదింతలు.

అప్పుడు ఎడ్వర్డ్ సెక్స్‌బీ మాట్లాడాడు. మామూలు సైనికుల ప్రతినిధి అతను. మేం వేలమందిమి ప్రాణాలకు తెగించాం, మాకు చెప్పుకోదగ్గ ఆస్తి లేదు, అయినా పుట్టుకతో వచ్చిన హక్కు మాకుంది, అది లేదని ముందే చెప్పి ఉంటే ఈ యుద్ధానికి వచ్చేవాళ్ళమే కాదు అన్నాడు. ఈ భాగం చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. నువ్వు సెక్స్‌బీ పేరే ఎత్తలేదు. రెయిన్స్‌బరో వాక్యం అందరూ రాస్తారు. యుద్ధం చేసి వచ్చి 'నాకు నేల లేదు' అని నిలబడ్డ మనిషిని నువ్వు రాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త. పుట్నీ మాటలు ఆ రోజుల్లో అచ్చు కాలేదు. విలియం క్లార్క్ అనే కార్యదర్శి సంక్షిప్త లిపిలో రాసుకున్నాడు. ఆ ప్రతులు ఆక్స్‌ఫర్డ్‌లోని వూస్టర్ కళాశాలలో ఉండిపోయి, పందొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో గాని పుస్తకంగా రాలేదు. "ఈ చర్చలు చదివి లండన్ ప్రజలు ఉత్తేజితులయ్యారు" అన్న నీ వాక్యం కొట్టేయి.

ఆనాడు లండన్ చదివినదేమిటో తెలియాలంటే జార్జ్ థామసన్ సేకరణ చూడు. సెయింట్ పాల్స్ ఆవరణలో పుస్తకాల దుకాణం నడిపిన మనిషి. 1640 నుంచి 1661 దాకా కరపత్రాలు, పుస్తకాలు, వార్తాపత్రికలు కలిపి సుమారు 22,000 పోగేశాడు. చాలావాటి ముఖపత్రం మీద అవి చేతికి వచ్చిన తేదీ తన చేత్తో రాసిపెట్టాడు. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, స్కాన్ ప్రతుల్లో కూడా ఆ చేతిరాత కనిపిస్తుంది. అచ్చులో ఏడాదే ఉంటుంది, పక్కన సిరాతో నెల, రోజు. ఏ కరపత్రానికి ఏది జవాబో ఆ సిరా గీతలను బట్టి తేల్చవచ్చు.

తేదీల దగ్గర నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఆ కాలపు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, 1752 దాకా అదే పద్ధతి. మొదటి చార్లెస్ తల నరికింది మన లెక్కలో 1649 జనవరి 30, వాళ్ళ లెక్కలో ఇంకా 1648. నా తొలి వ్యాసాల్లో ఒకదానిలో ఒక జనవరి కరపత్రాన్ని ఏడాది వెనక్కి నెట్టి, దాని మీద ఒక వాదమే కట్టాను. ఒక పాఠకుడు పోస్టుకార్డు రాసి దిద్దారు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అక్షరాల సంగతి కూడా చూసుకో. పాత అచ్చులో పొడవు 'ఎస్' దాదాపు 'ఎఫ్' లాగే ఉంటుంది. కంప్యూటర్‌లో షిల్లింగు కోసం వెతికితే దొరకకపోవచ్చు, 'ఎఫ్' పెట్టి కూడా వెతుకు.

ఇక జెరార్డ్ విన్‌స్టన్లీ. నీ వ్యాసంలో అందరికంటే నీకు ఇష్టమైనవాడు ఇతనేనని తెలిసిపోతోంది. నాకూ ఇష్టమే. లండన్‌లో బట్టల వ్యాపారం దివాలా తీసి, సర్రీలో ఇతరుల పశువులు కాచుకున్న మనిషి. 1649 ఏప్రిల్‌లో కొందరితో కలిసి సెయింట్ జార్జి కొండ మీద ఉమ్మడి బీడును తవ్వాడు. పార్స్‌నిప్‌లు (క్యారెట్ లాంటి తెల్ల దుంపలు), క్యారెట్లు, చిక్కుళ్ళు విత్తారు. సుమారు ఏడాదిలో వాళ్ళను అక్కడినుంచీ, పక్కనున్న కోబమ్ నుంచీ తరిమేశారు. విన్‌స్టన్లీ రాతల్లో భూమి పట్టుకున్నవాళ్ళు 'పెద్దన్నలు', భూమి లేనివాళ్ళు 'తమ్ముళ్ళు'. నువ్వు దాన్ని అలాగే తెలుగులో పెట్టి ముందుకు వెళ్ళిపోయావు. మాట తెలుగులోకి వచ్చింది, అందులోని దెబ్బ రాలేదు.

ఎందుకంటే మన ఇళ్ళలో అన్నదమ్ములంటే భాగాలు పంచుకునేవాళ్ళు. తండ్రి పొలం నలుగురు కొడుకులకు నాలుగు పాళ్ళు. అన్న అనగానే మనకు పెద్దరికం, ఆదరణ, మహా అయితే గట్టు తగాదా గుర్తొస్తాయి. ఆనాటి ఇంగ్లండులో చాలాచోట్ల వీలునామా లేకపోతే భూమంతా పెద్దకొడుకుదే, తమ్ముడికి సెంటు నేల రాదు. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకడు భూస్వామి, మరొకడు దిక్కులేనివాడు. ఆ దేశపు పాఠకుడికి 'పెద్దన్న' అన్న మాటలోనే అన్యాయం వినిపించేది. నీ పాఠకుడికి వినిపించాలంటే ఆ వారసత్వ పద్ధతిని నువ్వు అంతకుముందు పేరాలోనే చెప్పి ఉంచాలి. పాఠకుడు అది తెలుసుకుని వచ్చాక 'పెద్దన్న' అను. తేడా నీకే తెలుస్తుంది.

ఉద్వేగంతో రాసిన కరపత్రాలు చదివి చదివి అలసిపోయినప్పుడు పోల్ బుక్కులు, అంటే ఎవరు ఎవరికి ఓటేశారో రాసిన పుస్తకాలు, తెరువు. 1696 చట్టంతో ఎన్నికల లెక్కలు అడిగినవారికి నకలు ఇవ్వాల్సి వచ్చింది, తర్వాత వాటిని అచ్చువేసి అమ్మారు. ఒక వరుసలో మనిషి పేరు, ఉండే ఊరు, ఫ్రీహోల్డ్ ఉన్న ఊరు, ఆ పైన అభ్యర్థుల పేర్ల కింద చిన్న గీతలు. అంతే. 1872 దాకా రహస్య ఓటు లేదు కాబట్టి ఎవరు ఎవరికి వేశారో ఊరందరికీ తెలుసు. ఒకే గ్రామం వాళ్ళ గీతలన్నీ ఒకే అభ్యర్థి కింద బారులు తీరి కనిపిస్తే ఆగు. ఆ ఊళ్ళో పెద్ద భూస్వామి ఎవరో వెతుకు. తర్వాత ఇంకో పని చెయ్యి. ఆ పేజీలో ఆడవాళ్ళ పేర్లు వెతుకు. ఫ్రీహోల్డ్ ఉన్న వితంతువులు ఎందరో ఉండేవారు, ఓటరు వరుసలో వాళ్ళు కనిపించరు. అంతవరకు ఆచారంగా సాగిన ఆ అడ్డును 1832 ఎన్నికల సంస్కరణ చట్టం 'పురుషుడు' అని రాసి మరీ ఖాయం చేసింది. రెయిన్స్‌బరో 'అతి పేదవాడు' అన్నప్పుడు కూడా 'వాడే'. దాన్ని 'అతి పేదలు' అని మార్చి రాశావు. మంచి మనసుతోనే మార్చావు, కానీ ఆయన అనని మాట ఆయన నోట పెట్టకూడదు.

ఐర్లండును నువ్వు ముట్టుకోలేదు. వ్యాసం పొడవు చూసుకుని, ఒక పేరా అయినా ఇవ్వు. 1793లో అక్కడి కాథలిక్కులకు నలభై షిల్లింగుల ఓటు దక్కింది. భూస్వాములు జీవితకాలపు కౌళ్ళు రాసిచ్చి తమ చెప్పుచేతల్లో ఉండే ఓటర్లను తయారు చేసుకున్నారు. 1828లో క్లేర్ కౌంటీలో ఆ ఓటర్లే భూస్వాములను కాదని కాథలిక్కు నాయకుడు డేనియల్ ఓకానెల్‌ను గెలిపించారు. మరుసటి ఏడాదే కాథలిక్కులకు పార్లమెంటు తలుపు తెరిచారు, అదే ఊపులో ఐర్లండులో ఓటు హద్దును పది పౌండ్లకు పెంచి, గెలిపించిన ఆ చిన్న రైతుల ఓటు ఊడబెరికారు. 1430 నాటి కంచె మళ్ళీ లేచింది.

చివర్లో నువ్వు ఉత్తర సర్కారుల్లో 1802 శాశ్వత పైసలా, అంటే శిస్తును శాశ్వతంగా ఖాయం చేసి జమీందారులకు భూమి అప్పగించిన ఏర్పాటు, తీసుకొచ్చి, ఐర్టన్ చెప్పిన 'స్థిరమైన పాలు'తో ముడిపెట్టావు. రెండింటిలో ఒకే మాట వినిపిస్తుంది, నిజమే. భూమి మీద కదలని హక్కున్న పెద్దమనిషి ఉంటేనే రాజ్యం నిలుస్తుందన్న నమ్మకం మన జమీందారీల దాకా వచ్చింది. అదే కాలంలో దత్త మండలాల్లో (రాయలసీమ వైపు) కంపెనీ అధికారి థామస్ మన్రో పొలం పొలమూ కొలిపించి, రైతుతోనే నేరుగా లెక్క తేల్చుకున్నాడు. అది కూడా చెప్పకపోతే నీ ముడి ఒంటిపోగు మీద వేలాడుతుంది. రెండూ చెప్పే చోటు లేకపోతే ఈ భాగాన్ని విడిగా మరో వ్యాసానికి ఉంచుకో.

రెండో ప్రతిలో నలభై షిల్లింగుల పేరాతో మొదలుపెట్టి చూడు. పార్స్‌నిప్‌ల వాక్యం తీసేయాలని పక్కన పెన్సిలుతో రాసుకున్నావు, అది తీయకు. ఆ కొండ మీద వాళ్ళు ఏం విత్తారో నా మనవరాలికి చదివి వినిపిస్తే, అవి మొలిచాయా అని అడిగింది. దానికి జవాబు దొరుకుతుందేమో ఆ కరపత్రాల్లో వెతికి, దొరికితే నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు