షెల్టర్ నుంచి జబ్బు ఫెర్రెట్‌ను తెచ్చుకునే ముందు

ప్రశ్న: మేము ఒహాయోలోని కొలంబస్‌కు వచ్చి ఎనిమిది నెలలైంది. మావారు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు, నేను భార్యగా హెచ్4 వీసా మీద ఇంట్లోనే ఉంటున్నాను. ఇక్కడి జంతువుల షెల్టర్‌లో నాలుగేళ్ల ఫెర్రెట్ (ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువు) ఉంది. ఇన్సులినోమా, అడ్రినల్ జబ్బు రెండూ ఉన్నాయని ఎవరూ తీసుకోవడం లేదు. మా ఇంట్లో మాంసం వండం. మేము పెంచగలమా?

జవాబు: పెంచగలరమ్మా. ఇవే రెండు జబ్బులున్న మా ఫెర్రెట్ బుజ్జిగాడు మా ఇంట్లో రెండేళ్లు హాయిగా బతికాడు. వాణ్ణి వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "ముంగిసను పెంచుతున్నారా?" అంది. చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ జాతి వేరు.

తెచ్చుకునే ముందు ఒక్క పని చేయండి. ఫెర్రెట్లను నిత్యం చూసే వెట్‌ను, అంటే జంతువుల డాక్టర్‌ను, వెతకండి. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే వాళ్లందరికీ వీటి సంగతి తెలియదు. బుజ్జిగాడి వెనక కాళ్లు తడబడుతుంటే మేము మొదట వెళ్లిన చోట "వయసు అయిపోయింది" అని పంపించేశారు. ఎగ్జాటిక్ (కుక్కా పిల్లీ కాని అరుదైన పెంపుడు) జంతువుల డాక్టర్ దగ్గరికి వెళ్తే, మూడు గంటలు తిండి ఆపి రక్తం చూశారు. మామూలుగా 90 పైన ఉండాల్సిన షుగర్ 52 ఉంది. ఆ మధ్యలో పోయిన ఆరు వారాలు నాకిప్పటికీ బాధే.

ఇన్సులినోమా అంటే క్లోమంలో గడ్డలు. అవి ఇన్సులిన్‌ను అవసరానికి మించి వదులుతాయి, షుగర్ పడిపోతుంది. దీని గుర్తులు: శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, చొంగ కారడం, ముందు కాళ్లతో నోరు గోక్కోవడం, వెనక కాళ్లు ఈడ్చడం, చివరికి ఫిట్స్. ఆపరేషన్ చేయని చోట ఎక్కువగా రోజూ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తారు. దాన్ని మీ అంతట మీరు ఎప్పుడూ ఆపకండి. మూడు నాలుగు గంటలకోసారి తిండి పడాలి, రాత్రి కూడా గిన్నె ఖాళీగా ఉండకూడదు. మీరు ఇంట్లో ఉంటారు కాబట్టి ఇది మీకు కుదురుతుంది.

షుగర్ పడి సోలిపోతే తేనె గానీ కార్న్ సిరప్ గానీ కొంచెం చిగుళ్లకు రాయండి. ఫిట్స్ వస్తుంటే నోట్లో వేలు పెట్టకండి, కొరుకుతుంది. దూది పుల్లతో రాయండి. నోట్లో ఏదీ పోయకండి. తేరుకున్నాక మాంసం తిండి పెట్టి వెంటనే వెట్‌కు ఫోన్ చేయండి. ఈ తేనె ఆపదకే. ముద్దుకని రోజూ తీపి పెడితే ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగసి, షుగర్ ఇంకా కిందికి పడుతుంది.

మాంసం సంగతి. మేమూ ముట్టం. కానీ ఫెర్రెట్ కేవలం మాంసం మీదే బతికే జీవి. దాని పేగు చాలా పొట్టి, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. పప్పన్నం, పెరుగన్నం దానికి తిండి కాదు, హాని. చికెన్‌తో చేసిన ఫెర్రెట్ కిబుల్ (గింజల్లాంటి పొడి తిండి) దొరుకుతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పెడతాం. గిన్నె, చెంచా వేరుగా లాండ్రీ గదిలో ఉంచుకున్నాం. అది కూడా ఇంట్లో వద్దనుకుంటే మాత్రం ఈ జీవిని తెచ్చుకోకండి, నిజంగా చెబుతున్నాను.

అది మగదో ఆడదో మీరు రాయలేదు. ఇక్కడ అమ్మే ఫెర్రెట్లకు చాలావాటికి పసితనంలోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తారు. అడ్రినల్ జబ్బుకు, అంటే మూత్రపిండాల దగ్గరుండే హార్మోన్ గ్రంథుల జబ్బుకు, అదొక కారణమని వెట్లు చెబుతారు. తోక దగ్గర మొదలై బొచ్చు రాలుతుంది. మగదానికి ప్రోస్టేట్ ఉబ్బి మూత్రం ఆగిపోవచ్చు. మూత్రానికి ముక్కుతుంటే తెల్లారేదాకా ఆగకండి, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఈ జబ్బుకు చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ అనే హార్మోన్ మందు ఇంప్లాంట్ ఉంది. ఏడాది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కాలం పనిచేస్తుంది. షెల్టర్ వాళ్లు ఎప్పుడు పెట్టించారో తేదీతో సహా అడగండి. పాత రికార్డులన్నీ, టీకాల కాగితాలూ తీసుకోండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, ముందే ఉన్న జబ్బుకు మామూలుగా ఇవ్వరు. నెలకు కొంత పక్కన పెట్టుకోండి.

మీకు జలుబు, ఫ్లూ వస్తే మాస్క్ పెట్టుకోండి. మనుషుల ఫ్లూ దానికి అంటుకుంటుంది. మన ఇళ్లలో ఉండే టైలనాల్ (పారాసిటమాల్), ఐబూప్రోఫెన్ దానికి విషం. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి ఒక పుస్తకంలో రాసుకోండి. బుజ్జిగాడి జబ్బు ముదరడం మాకు ముందుగా చెప్పింది ఆ పుస్తకమే.

ఒక్కటి మాత్రం మీ వారితో కూర్చుని మాట్లాడండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం మారితే ఊరు మారుతుంది. కాలిఫోర్నియాలో, హవాయిలో ఫెర్రెట్‌ను పెంచడం చట్టవిరుద్ధం. న్యూయార్క్ నగరంలోనూ అంతే. కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఆఫర్ వస్తే దీన్ని వెంట తీసుకెళ్లలేరు. ఆ రోజు వస్తే వెనక్కి తీసుకుంటారా అని షెల్టర్ వాళ్లను ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇండియా వెళ్లే మూడు వారాలు దీన్ని ఉంచుకుంటారా అని కూడా వాళ్లనే అడగండి. వాళ్లకు మందు ఇవ్వడం అలవాటే. ఆ మాట ఖాయమయ్యాకే టికెట్లు కొనండి.