మా అమ్మాయి రెగే మీద చదువుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి హన్మకొండలో బీకాం రెండో సంవత్సరం. పాడదు, వాయించదు. జమైకా, నైజీరియా, కొరియా పాటలు వింటూ నోట్సు రాసుకుంటుంది. ప్రపంచ దేశాల పాపులర్ మ్యూజిక్ మీద పీజీ చేస్తానంటోంది. అలాంటి చదువుందా? అన్నం పెడుతుందా? - ఒక తండ్రి

జవాబు: ఉందండీ. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీలో ఇందుకోసమే 1988లో ఒక సంస్థ పెట్టారు. పాట ఎక్కడ పుట్టింది, ఎవరి డబ్బుతో తయారైంది, జనం చెవిదాకా ఎలా వచ్చింది అని తవ్వి తీసే చదువిది.

ఆమెకిష్టమైన జమైకానే చూడండి. 1950లలో కింగ్‌స్టన్‌లో ఇంట్లో రికార్డు ప్లేయర్ కొనుక్కోలేని జనం వీధుల్లో పెట్టే సౌండ్ సిస్టమ్‌ల (పెద్ద స్పీకర్లతో పాటలు వేసే ఏర్పాటు) దగ్గర చేరేవారు. మొదట అక్కడ మోగినవి ఎక్కువగా అమెరికా రికార్డులే. తర్వాత సొంతంగా రికార్డు చేసుకున్నారు. అలా స్కా, రాక్‌స్టెడీ, 1960ల చివరికి రెగే అనే పాటల తీరులు వచ్చాయి. కింగ్‌స్టన్‌లోనే పుట్టిన కూల్ హెర్క్ అనే డీజే న్యూయార్క్ చేరాక, 1973 ఆగస్టు 11న ఆ నగరంలోని బ్రాంక్స్‌లో పాటలు వేసిన పార్టీనే హిప్‌హాప్ పుట్టుకగా చెబుతారు.

ఇది చదివాక, బరాత్‌కి మీ వీధిలోకొచ్చే డీజే బండిని మీ అమ్మాయి ఇంకోలా చూస్తుంది. ఆ స్పీకర్లు ఎవరు కొన్నారు, జానపద పాటను ఎవరు రీమిక్స్ చేశారు, పాడినావిడకు ఒక్క రూపాయైనా అందిందా? ఇదొక థీసిస్. లివర్‌పూల్‌లో కూర్చున్నవాళ్లకంటే హన్మకొండ పిల్లే దీన్ని బాగా రాస్తుంది.

ఇక దారి. సంగీతంలో యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఎక్కువగా శాస్త్రీయ సంగీతం చుట్టూ తిరుగుతుంది కాబట్టి అది ఆమెకు నప్పదు. సోషియాలజీ, కల్చరల్ స్టడీస్, కమ్యూనికేషన్‌లలో ఒకదానిలో పీజీ ఇక్కడే చేయించండి. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ కోసం పొలం తాకట్టు పెట్టి లోను తీసుకోవద్దు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. స్కాలర్‌షిప్ వస్తే సరే. అమెరికాలో పెద్ద యూనివర్సిటీల ఎత్నోమ్యూజికాలజీ (సంగీతాన్ని దాని వెనకున్న జనం, సంస్కృతితో కలిపి చదివే శాస్త్రం) పీహెచ్‌డీల్లో చాలావాటికి ఫీజు ఉండదు, స్టైపెండ్ కూడా ఇస్తారు. కానీ అక్కడ సంగీత జ్ఞానం అడుగుతారు. ఈలోగా డప్పో, కీబోర్డో ఏదో ఒకటి నేర్చుకోమనండి.

టీచింగ్ ఉద్యోగాలు తక్కువే, దాచను. అందుకే బీకాం వదలనివ్వకండి. పాటల హక్కులు, రాయల్టీ లెక్కలు, లైసెన్సింగ్ చూసేవాళ్లు మ్యూజిక్ కంపెనీలకూ స్ట్రీమింగ్ యాప్‌లకూ కావాలి. పాటా, పద్దూ రెండూ తెలిసినవాళ్లు అరుదు. ఆర్కైవ్‌ల పని, అంటే పాత రికార్డింగులు భద్రపరిచే పని ఇష్టమైతే, 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న ఎత్నోమ్యూజికాలజీ ఆర్కైవ్‌ను ఒకసారి చూసి రమ్మనండి.

ఈ బతుకమ్మకు మీ వాడలో డీజే మీద మోగిన ప్రతి పాటా రాసుకోమనండి. ఎవరు పాడారు, ఎవరు మిక్స్ చేశారు, బండివాళ్లకు ఎక్కణ్నుంచి వచ్చింది అని అడిగి పది పేజీలు రాసి పంపమనండి. చదివి, ఏ పీజీకి వెళ్లాలో ఆమెకే చెబుతాను.