బాబుకి సికిల్ సెల్ వచ్చింది, నేను వాడిన మందుల వల్లేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి 14 నెలలు. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. ఎనిమిదో నెలలో చేతులు, పాదాలు ఉబ్బిపోయి ఒకటే ఏడుపు. టెస్టులు చేసి సికిల్ సెల్ జబ్బు అన్నారు. మా ఇద్దరికీ చేస్తే క్యారియర్స్ అని వచ్చింది, కానీ మాకెప్పుడూ ఏ ఇబ్బందీ లేదు. రిపోర్ట్‌లో హెచ్‌బీబీ జీన్‌లో మార్పు అని రాశారు. డీఎన్ఏ ఒళ్ళంతా ఉంటుంది కదా, మరి రక్తానికే ఎందుకొచ్చింది? పుట్టగానే ఎందుకు బయటపడలేదు? కడుపుతో ఉన్నప్పుడు జ్వరమొస్తే మందులు వాడాను, దానివల్లే అని ఇంట్లో అంటున్నారు. ఇంకో బిడ్డని కనొచ్చా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ఆ మందుల సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో మిమ్మల్ని తినేస్తున్నది అదే అని నాకు అర్థమైంది. మీరు వేసుకున్న మాత్రల వల్ల ఇది రాలేదు. రాదు కూడా. ఈ మార్పు మీ అండంలో ఒకటి, మీవారి వీర్యకణంలో ఒకటి, బాబు కడుపులో పడకముందే ఉన్నాయి. మీకు మీ అమ్మగారి నుంచో నాన్నగారి నుంచో వచ్చింది, వాళ్ళకి వాళ్ళ పెద్దవాళ్ళ నుంచి, అలా ఎన్నో తరాల నుంచి నడుస్తోంది. ఇంట్లో ఎవరైనా మళ్ళీ ఆ మాట అంటే ఈ జవాబు చూపించండి.

ఇక ఆ మార్పు ఏంటో చెప్తాను. మనకి అచ్చులు హల్లులు కలిపి యాభై పైన అక్షరాలున్నాయి కదా, డీఎన్ఏకి నాలుగే, ఏ, టీ, జీ, సీ. అవి రెండు పోగుల మీద ఎదురెదురుగా ఉంటాయి, ఏ కి ఎదురు ఎప్పుడూ టీ, జీ కి ఎదురు ఎప్పుడూ సీ, అందుకే ఒక పోగు ఉంటే చాలు రెండోది ఏంటో తెలిసిపోతుంది, కణం రెండుగా చీలినప్పుడు కాపీ తప్పకుండా వెళ్ళేది ఇలాగే. ఈ మెలిపెట్టిన నిచ్చెన ఆకారాన్ని 1953లో వాట్సన్, క్రిక్ చెప్పారు, రోజలిండ్ ఫ్రాంక్లిన్ దగ్గర తీసిన ఎక్స్‌రే ఫోటో వాళ్ళకి చాలా ఉపయోగపడింది. అమ్మ నుంచి వచ్చిన సెట్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలు, నాన్న నుంచి వచ్చిన సెట్‌లో ఇంకో అన్ని. ఒక్క కణంలోది సాగదీస్తే దాదాపు 2 మీటర్లు వస్తుంది, అదంతా 46 క్రోమోజోములుగా చుట్టుకుని కణం లోపల కంటికి కనపడని న్యూక్లియస్ అనే చిన్న గదిలో పడి ఉంటుంది.

ఈ అక్షరాల్ని కణం మూడేసి చొప్పున చదువుతుంది, ఒక్కో మూడింటికి ఒక్కో అమైనో యాసిడ్, అంటే ప్రొటీన్ కట్టే ఒక్కో ఇటుక. హెచ్‌బీబీ అనే జీన్ 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఎర్రకణాల్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌లో బీటా అనే గొలుసు ఎలా కట్టాలో అందులో రాసి ఉంటుంది. ఆ గొలుసులో 146 అమైనో యాసిడ్లు. దాని మొదట్లో మామూలుగా ఇలా ఉంటుంది: సీసీటీ, జీఏజీ, జీఏజీ. మీ బాబుకి ఇలా ఉంది: సీసీటీ, జీటీజీ, జీఏజీ. మధ్యలో ఉన్న ఒక్క ఏ పోయి టీ వచ్చింది, అంతే, మిగతా జీన్ అంతా బాగానే ఉంది. మందు అని రాయాల్సిన చోట ఒక్క కొమ్ము పడితే ముందు అయిపోతుంది చూడండి, అలాగ. జీఏజీ అంటే గ్లుటామిక్ యాసిడ్ పెట్టమని, జీటీజీ అంటే వాలీన్ పెట్టమని. గ్లుటామిక్ యాసిడ్‌కి నీళ్ళంటే ఇష్టం, వాలీన్‌కి పడదు, అది నీళ్ళకి దూరంగా పక్క హిమోగ్లోబిన్‌లో ఉన్న చిన్న గుంటలోకి వెళ్ళి ఇరుక్కుంటుంది, దానికి ఇంకోటి, దానికి ఇంకోటి. రక్తం ఆక్సిజన్ ఇచ్చేసి వెనక్కి వచ్చేటప్పుడు ఇది మొదలవుతుంది, లోపల పొడుగు పుల్లల్లా పేరుకుపోయి, గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి బిగుసుకుపోతుంది. అలాంటివి వేళ్ళలో ఉన్న సన్నటి రక్తనాళాలకి అడ్డం పడితేనే మీ బాబు చేతులు, పాదాలు అలా ఉబ్బింది. వాడు పాపం చెప్పలేడు గానీ చాలా నొప్పి ఉంటుంది. పైగా మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇవి 10, 20 రోజులకే పగిలిపోతాయి, రక్తం తక్కువ ఉండడం, కళ్ళు పచ్చబడడం అందుకే.

మీకూ మీవారికీ ఒక కాపీలోనే ఈ మార్పు ఉంది, రెండో కాపీ మంచి బీటా గొలుసులు సరిపడా చేస్తోంది కాబట్టి మీకు ఏమీ తెలియలేదు. బాబుకి రెండు కాపీలూ మారినవే వచ్చాయి.

ఇప్పుడు మీరు అడిగిన ముఖ్యమైన ప్రశ్న, రక్తానికే ఎందుకు అని. చాలా మంచి ప్రశ్న అమ్మా ఇది. ఈ మార్పు నిజంగానే బాబు ఒళ్ళంతా ఉంది, కంట్లో, చర్మంలో, లివర్‌లో, అన్ని కణాల్లో. కానీ ఉండడం వేరు, చదవడం వేరు. ప్రొటీన్లు చేసే జీన్లు మనకి దాదాపు 20,000 ఉన్నాయి, ఏ కణమూ అన్నింటినీ చదవదు. కొన్ని చోట్ల డీఎన్ఏ గట్టిగా చుట్టి మూసేసి ఉంటుంది, కొన్ని చోట్ల రసాయన గుర్తులు వేసి ఆపేసి ఉంటుంది, ఏది తెరవాలో చెప్పడానికి వేరే ప్రొటీన్లు వచ్చి కూర్చుంటాయి. బీటా గొలుసు జీన్‌ని తెరిచేది ముఖ్యంగా ఎముక మజ్జలో ఎర్రకణాలుగా తయారవుతున్న పిల్ల కణాలే. అక్కడ జీన్‌ని చూసి ఆర్ఎన్ఏ అనే పలచటి కాపీ రాస్తారు, ఆ కాపీ న్యూక్లియస్ బయటికి వస్తుంది, ప్రొటీన్లు కట్టే రైబోజోమ్ దాన్ని మూడేసి అక్షరాలుగా చదువుతూ గొలుసు కడుతుంది. కంటి కణంలో అదే తప్పు ఉన్నా ఆ పేజీ ఎప్పుడూ తెరవరు కాబట్టి అది అక్కడ అలాగే పడి ఉంటుంది. (రక్తం అన్ని చోట్లకీ వెళ్తుంది కాబట్టి కంటికి, కిడ్నీకి, మెదడుకి ఇబ్బంది రావచ్చు, అది వేరే విషయం.)

ఒకటి చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. బాబు రక్తం తీసి డీఎన్ఏ టెస్ట్ చేశారు కదా, ఆ డీఎన్ఏ ఎర్రకణాల్లోది కాదు. ఎర్రకణం మజ్జలోంచి బయటికి వచ్చే ముందే న్యూక్లియస్‌ని పారేస్తుంది, అందులో డీఎన్ఏనే ఉండదు. రిపోర్ట్‌లో చూసింది తెల్లకణాల డీఎన్ఏ, ఆ తెల్లకణాలు హిమోగ్లోబిన్ చేయవు. బుగ్గ లోపల దూదితో రుద్ది తీసినా అదే రిజల్ట్ వచ్చేది.

పుట్టగానే ఎందుకు కనపడలేదు అంటే, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ బీటా గొలుసు ఎక్కువగా వాడుకోదు, గామా అనే వేరే గొలుసుతో హిమోగ్లోబిన్ చేసుకుంటుంది. ఆ జీన్ కూడా 11వ క్రోమోజోమ్ మీదే, బీటా పక్కనే ఉంటుంది, అందులో ఏ తప్పూ లేదు. పుట్టాక కొన్ని నెలల్లో గామా తగ్గి బీటా పెరుగుతుంది, దాదాపు ఆరో నెల దాటాక తప్పు బయటపడుతుంది. మీ బాబుకి ఎనిమిదో నెలలో అయింది, లెక్క సరిగ్గా సరిపోయింది.

ఇందులోంచే వైద్యం కూడా వచ్చింది, నాకు ఈ జబ్బులో అన్నిటికంటే ధైర్యం ఇచ్చే విషయం ఇదే. గామాని ఆపేసేది బీసీఎల్11ఏ అనే ప్రొటీన్. రక్తాన్ని తయారుచేసే పేషెంట్ మూలకణాలు బయటికి తీసి, ఎర్రకణాల్లో ఆ ప్రొటీన్ తగ్గేలా క్రిస్పర్ అనే జీన్ ఎడిటింగ్ పద్ధతితో డీఎన్ఏని కత్తిరించి, మళ్ళీ ఎక్కించే ట్రీట్‌మెంట్‌కి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి, క్యాస్‌జెవీ అంటారు. తప్పు అక్షరాన్ని వాళ్ళు ముట్టుకోలేదు, మూసేసిన మంచి పేజీని మళ్ళీ తెరిచారు. కాకపోతే అప్పుడు ఆ అనుమతి 12 ఏళ్ళు దాటినవాళ్ళకే ఇచ్చారు, ముందు గట్టి కీమో ఇవ్వాలి, ఖర్చు కూడా చాలా ఎక్కువ, కాబట్టి ఇప్పుడే దానికోసం పరిగెత్తకండి. హైడ్రాక్సీయూరియా అనే పాత మందు కూడా గామా హిమోగ్లోబిన్‌ని కొంత పెంచుతుంది, 9 నెలలు దాటిన పిల్లలకి ఇవ్వొచ్చు, బ్లడ్ కౌంట్ చూసుకుంటూ డాక్టరే డోస్ మార్చాలి. దీని గురించి మీ పిల్లల డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

ఇంట్లో చూసుకోవాల్సింది: ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే పెన్సిలిన్ రోజుకి రెండుసార్లు 5 ఏళ్ళు వచ్చేదాకా ఆపొద్దు, న్యుమోకాకల్ టీకాలు పూర్తి చేయించండి. జ్వరం 101 దాటితే ఇంట్లో మాత్ర వేసి తెల్లారేదాకా చూడడం వద్దు, ఆ రాత్రే హాస్పిటల్‌కి వెళ్ళాలి. నీళ్ళు బాగా పట్టించండి, ఒంట్లో నీరు తగ్గితే కణంలో హిమోగ్లోబిన్ చిక్కబడి ఇంకా త్వరగా కొడవలి అవుతుంది. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం (స్ప్లీన్) ఎలా తడిమి చూడాలో డాక్టర్ దగ్గర చేత్తో నేర్చుకోండి, ఉన్నట్టుండి పెద్దదై బాబు తెల్లగా పాలిపోతే అది ఎమర్జెన్సీ. 2 ఏళ్ళు వచ్చాక ఏటా మెదడు రక్తనాళాల డాప్లర్ స్కాన్ చేయించాలి.

ఇంకో బిడ్డ గురించి. కనొచ్చు, కానీ ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, మీలాగే క్యారియర్ అయ్యేది 50, అసలు లేకుండా పుట్టేది 25. ఒకరికి వచ్చేసింది కదా ఇక మిగతా ముగ్గురికి రాదు అని మాత్రం లెక్క వేసుకోకండి, ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచే. గర్భం 10 నుంచి 12 వారాల మధ్య మాయలోంచి చిన్న ముక్క తీసి టెస్ట్ చేస్తే బిడ్డకి ఉందో లేదో తెలిసిపోతుంది. పుట్టే బిడ్డ మజ్జ బాబుకి మ్యాచ్ అయ్యే అవకాశం కూడా 25 శాతం ఉంటుంది, అలా మ్యాచ్ అయిన తోబుట్టువు నుంచి చేసే మజ్జ మార్పిడితో ఈ జబ్బు పూర్తిగా నయమైన పిల్లలు ఉన్నారు, అయితే ఆ ఒక్క ఆశతోనే బిడ్డని కనమని నేను చెప్పను, అది మీరిద్దరూ కూర్చుని ఆలోచించుకోవాల్సిన విషయం.

ఇంకొకటి, మీ అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ, మీవారి వైపు వాళ్ళకీ కూడా ఈ సికిల్ సెల్ టెస్ట్ చేయించుకోమని చెప్పండి, పెళ్ళి కావాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళకి.