రక్తంలో డీఎన్ఏ పరీక్ష నెగెటివ్ వస్తే కడుపు క్యాన్సర్ ఇక తిరగబెట్టనట్టేనా?

మీ అమ్మగారికి ఆపరేషన్ అయి రెండు నెలలైంది, సీటీడీఎన్ఏ (రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏని వెతికే పరీక్ష) నెగెటివ్ వచ్చింది, ఇక స్కాన్లు మానేయొచ్చా అని అడిగారు. మానకండి. మా నాన్న విషయంలో నేనూ అదే ధీమాతో ఉండి దెబ్బతిన్నాను.

చనిపోతున్న క్యాన్సర్ కణాల నుంచి రక్తంలోకి పడే డీఎన్ఏ ముక్కల్ని ఈ పరీక్ష వెతుకుతుంది. అవి రక్తంలో ఎంతోసేపు నిలవవు, గంటల్లోనే కరిగిపోతాయి. అందుకే ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు కూడా కనబడ్డాయంటే, వాటిని వదిలే కణాలు ఎక్కడో ఇంకా ఉన్నట్టే లెక్క. స్కాన్‌లో తేలడానికి నెలల ముందే పాజిటివ్ వచ్చినవాళ్లున్నారు. అంతవరకు మంచి పరీక్షే.

చిక్కంతా నెగెటివ్‌తోనే. కడుపు క్యాన్సర్ పొట్ట లోపలి పొర మీద, అంటే పెరిటోనియం మీద, విత్తనాలు చల్లినట్టు పాకుతుంది. లివర్‌కి పాకినప్పుడు రక్తంలో బాగానే దొరికే డీఎన్ఏ, ఈ పొర మీద ఉన్నప్పుడు చాలా తక్కువ పడుతుంది. నాన్నకి రెండుసార్లు నెగెటివ్ వచ్చింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందిరా అని ఆయన అంటుంటే, "కడుపు సగం తీసేశారు కదా నాన్నా, అలాగే ఉంటుందిలే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. తర్వాత పొట్టలో నీరు చేరింది. లాప్రోస్కోపీలో, అంటే పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూసినప్పుడు, క్యాన్సర్ ఆ పొర మీదికి పాకిన సంగతి బయటపడింది.

రక్తం ఎప్పుడు తీశారో కూడా చూడండి. ఆపరేషన్ అయిన వెంటనే తీస్తే, గాయం వల్ల మామూలు కణాల డీఎన్ఏ కుప్పలుగా ఉండి అసలుది అందులో మునిగిపోతుంది. కీమో మధ్యలో తీసినా కొన్నాళ్లు అణిగి కనిపించొచ్చు. తీసేసిన గడ్డలోని మార్పుల్ని ముందుగా చదివి వాటికోసమే వెతికే పరీక్ష ఒకటి, అందరికీ ఒకే జాబితాతో వెతికేది ఇంకొకటి. రెండో రకంలో వయసుతోపాటు రక్తకణాల్లో వచ్చే మామూలు మార్పులే క్యాన్సర్‌వి అనిపించే ప్రమాదం ఉంది. రక్తంలోని తెల్లకణాల డీఎన్ఏతో కూడా పోల్చి చూశారా అని ల్యాబ్‌ను అడగండి. ఏ రకమైనా ఒక్కసారి చేయించి వదిలేస్తే లాభం లేదు, కొన్ని నెలలకోసారి చూస్తేనే దారి తెలుస్తుంది. సీఈఏ, సీఏ 19-9 అనే క్యాన్సర్ సూచికల రక్తపరీక్షలు కూడా మానొద్దు.

ఇంకొకటి. బయాప్సీ రిపోర్టు తీసి "డిఫ్యూజ్" అనో "సిగ్నెట్ రింగ్" అనో ఉందేమో చూడండి. పొర మీదికి ఎక్కువగా పాకేది ఆ రకమే. ఉంటే అమ్మగారి బరువు, తిండి వారం వారం రాసిపెట్టి, ఈ నెగెటివ్ రిపోర్టుతోపాటు ఆ కాగితం కూడా డాక్టరుగారి ముందు పెట్టండి.