చలివేంద్రం కుండలో నీళ్ళు చల్లబడటం లేదు!

ప్రశ్న: మా ఊరి బస్టాపు దగ్గర యువకులమంతా కలిసి చలివేంద్రం పెట్టాము. కుండలు కొత్తవే అయినా, మధ్యాహ్నానికి నీళ్ళు గోరువెచ్చగా ఉంటున్నాయని పొలాల నుంచి వచ్చే పెద్దవాళ్ళు అంటున్నారు. లోపం ఎక్కడుందంటారు?
– ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా బయటికి ఊరే చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది కనుక, ఆ ఊట ఆగినా, గాలి ఆడకపోయినా నీళ్ళు చల్లబడవు. మీరు ముచ్చటపడి కుండలకు రంగులు వేయించి ఉంటే ముందుగా అనుమానించవలసింది వాటినే, ఎందుకంటే ఎనామిల్ పెయింటు ఆ రంధ్రాలను పూడ్చివేస్తుంది. రంగు వేయని కుండను ఒక రోజంతా నీటిలో నానబెట్టి, తాటాకు పందిరి కింద గాలి తగిలేచోట తడి ఇసుకపై కుదురుగా నిలిపి, చుట్టూ తడి గోనెపట్టా కట్టండి. పట్టా ఆరినప్పుడల్లా తడిపే బాధ్యత ఫలానావారిదని ముందే తేల్చుకోండి. అది తేలకనే చాలా చలివేంద్రాలు ఉగాదికి మొదలై, మే నెలాఖరున రోహిణీ కార్తె వచ్చేసరికి ఖాళీ కుండలతో మిగులుతాయి. అయితే మీది కోస్తా ప్రాంతం, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, అనంతపురం వైపు చల్లబడినంతగా ఇక్కడ నీళ్ళు చల్లబడవు.

ఎవరి గ్లాసూ కుండలో ముంచనివ్వకుండా, పొడవాటి కాడ ఉన్న గరిటెతో మీరే పోయండి. మజ్జిగ ఇవ్వగలిగితే అందులో కాస్త ఉప్పు వేయడం మరువకండి. ఎండకు సొమ్మసిల్లి స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా, నీడకు చేర్చి ఒళ్ళంతా తడిపి, వెంటనే 108కి ఫోన్ చేయండి.