కారు బెంగళూరులో, మేము అమలాపురంలో

ప్రశ్న: నమస్కారం సార్. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రోజూ బడికి వెళ్లి రావడానికి 44 కిలోమీటర్లు. బెంగళూరులో 2021 నాటి నెక్సాన్ ఈవీ (టాటా వారి ఎలక్ట్రిక్ కారు) ఒకటి అమ్మకానికి ఉందని ఆన్‌లైన్‌లో చూశాను. 46 వేల కిలోమీటర్లు తిరిగిందట, ఏడున్నర లక్షలు చెబుతున్నారు. తెర మీద వంద శాతం చార్జింగ్, 230 కిలోమీటర్ల రేంజి (ఆ చార్జింగుతో వెళ్లగలిగే దూరం) కనిపించే ఫోటో పంపారు. ఆదివారంలోగా 50 వేలు అడ్వాన్సు పంపకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తారట. నేను వెళ్లే వీలు లేదు. మా తమ్ముడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు కానీ వాడికి కార్ల గురించి ఏమీ తెలియదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ముందు ఆ 50 వేలు పంపడం ఆపండి. ఆదివారం గడువు వాళ్లు పెట్టుకున్నది, మీకు దానితో పని లేదు.

ఫోటోలోని 230 అంకెను కూడా పక్కన పెట్టండి. ఈమధ్య కారును నడిపిన తీరును బట్టి అది వేసుకున్న అంచనా మాత్రమే. నాలుగు రోజులు నెమ్మదిగా నడిపితే ఆ అంకె పెరుగుతుంది. వంద శాతం అన్నదీ అంతే. పది లీటర్ల బిందె అంచుదాకా నిండినా నిండినట్టే, సొట్టలు పడి ఎనిమిది లీటర్లే పట్టే బిందె నిండినా నిండినట్టే. మనకు తెలియవలసింది బిందెలో ఇప్పుడు ఎంత పడుతుందన్నది.

దీన్ని తేల్చడానికి మీ తమ్ముడికి కార్ల గురించి తెలియనక్కరలేదు, కరెంటు మీటరు చదవడం వస్తే చాలు. ఆ మోడల్ బ్యాటరీ కొత్తలో 30.2 యూనిట్లు. చార్జింగ్ 20 శాతానికి దిగిన తర్వాత, అమ్మే వారి ఇంట్లోనే 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టి, రాత్రంతా ఉంచి వంద శాతం చేయించండి. అంటే బ్యాటరీలోకి 24 యూనిట్లు వెళ్లాలి. దారిలో వేడి రూపంలో కొంత పోతుంది కాబట్టి మీటరులో 27 లేదా 28 తిరగాలి. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు వాడిన కరెంటు కలిసిపోకుండా, ప్లగ్గుకూ చార్జరుకూ మధ్య చిన్న సబ్‌మీటరు పెడితే మరీ మంచిది. ఆ లోడుకు తగిన మీటరును ఎలక్ట్రీషియన్ చేతనే పెట్టించండి. మొదట్లో ఒక ఫోటో, చివర్లో ఒక ఫోటో. 25, 26 వస్తే కంగారు లేదు, అన్నేళ్లు వాడిన బ్యాటరీ కొంత తగ్గడం సహజమే. 23 దగ్గరే ఆగిపోతే మాత్రం ధర గురించి మళ్లీ మాట్లాడాలి, అంతకంటే తక్కువైతే వదిలేయండి.

వంద శాతం దాకా నింపమనడానికి కారణం ఉంది. ఆ కారులోవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. మధ్యలో వాటి వోల్టేజీ పెద్దగా మారదు, అందుకని ఎంత మిగిలిందో లెక్కకట్టడంలో కారు పొరబడుతుంది. నిండుగా నెమ్మదిగా చార్జి చేసినప్పుడు ఆ లెక్క సరిపడుతుంది. మర్నాడు దాన్ని 15 శాతం దాకా నడిపి చూడాలి. 30 నుంచి ఒక్కసారిగా 18కి పడిపోయిందంటే ఏదో సెల్ బలహీనపడిందని అనుమానించాలి. ఇందుకు అమ్మే వారు ఒప్పుకోకపోతే, బయటి ఫాస్ట్ చార్జరు దగ్గర 30 నుంచి 80 శాతం దాకా నింపి బిల్లు తీసుకోమనండి. ఎన్ని యూనిట్లు ఎక్కాయో అందులోనే ఉంటుంది. సుమారు 15 యూనిట్లు ఉండాలి. అది ముప్పావు గంట పని. కచ్చితత్వం తక్కువ, కానీ ఏమీ చూడకపోవడం కంటే నయం.

ఇక నీళ్ల సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చిన కొన్ని నెలలకు మా బావమరిది కోసం చెన్నైలో ఒక కారు చూడటానికి వెళ్లాను. ఫోటోల్లో అద్దంలా ఉంది. దగ్గరకు వెళ్లినా అలాగే ఉంది, లోపల సెంటు వాసన కూడా బాగుంది. ముందు సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగాను. చివరి మూరెడు బెల్టు మీద మట్టి చార. సీటు కింద పట్టాలకు తుప్పు, డిక్కీ అడుగున ఎండిన బురద పొర. ఒక కుటుంబం పిల్లలతో ఎక్కే బండిని అలా తుడిచి అమ్మడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2022 సెప్టెంబరులో బెంగళూరులోనూ బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు కార్లు నీటమునిగాయి. మీరు చూస్తున్న కారు అప్పటికే రోడ్డు మీద ఉంది. అందుకని మీ తమ్ముడు వీడియో కాల్‌లో మీకు చూపిస్తూ ఈ మూడు చోట్లూ చూడాలి. పాత ఇన్సూరెన్సు పాలసీలు కూడా అడగండి. క్లెయిమ్ లేని ఏళ్లు గడిచేకొద్దీ నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. ఇన్నేళ్ల కారు పాలసీలో అది సున్నా అని ఉంటే క్రితం ఏడాది క్లెయిమ్ అయినా ఉండాలి, పాలసీ మధ్యలో ఆగిపోయైనా ఉండాలి, బండి చేతులైనా మారి ఉండాలి. ఏదో కనుక్కోండి.

తర్వాత బెంగళూరులోని కంపెనీ అధీకృత సర్వీసు సెంటరులో డబ్బు కట్టి తనిఖీ చేయించండి. ఆ సెంటరును మీరే ఎంచుకోండి, అమ్మేవారు చెప్పిన చోటికి వద్దు. బండిని లిఫ్టు మీదకు ఎక్కించి బ్యాటరీ పెట్టె అడుగుభాగం ఫోటోలు తీయమనండి. స్పీడు బ్రేకరు తగిలి అక్కడ సొట్ట పడితే వారంటీ రాకపోవచ్చు. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. అది మీ పేరు మీదకు మారుతుందని కాగితం మీద రాయించుకోండి. సెల్స్ వోల్టేజీల తేడా, సర్వీసు చరిత్ర కూడా అక్కడే దొరుకుతాయి.

కాగితాల విషయంలో ఆర్సీ మీద బ్యాంకు అప్పు లేకుండా చూసుకోవాలి, కర్ణాటక రవాణా కార్యాలయం నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) రావాలి. మీ దగ్గర రిజిస్ట్రేషనుకు లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో అమలాపురంలో ఇప్పుడే అడగండి, అది కూడా కారు ధరలో భాగమే. డబ్బు ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాకే పంపండి. బండిని సుమారు 800 కిలోమీటర్లు నడుపుకుంటూ తేవద్దు, ట్రక్కు మీద వేయించండి.

మీకు రోజుకు 44 కిలోమీటర్లే కాబట్టి బ్యాటరీ కొంత తగ్గినా ఈ కారు చక్కగా సరిపోతుంది, అనవసరంగా భయపడకండి. మీటరు ఫోటోలు రెండూ పత్రిక చిరునామాకు పంపితే లెక్క నేనే చూసి చెబుతాను.